ముంత లేని కుండ

“గొలుసు కట్టాల్సిందే అత్తమ్మా. పోయినేడు రెండు గ్లాసులు పోయినయి.”

“పోతే పోనియ్. గొలుసు మాత్రం కట్టొద్దు.”

“గీ మాట అనేది నువ్వేనా? పిసికిన చింతపండు పిప్పితోని గిన్నెలు తోముతవు. చీర చినిగితే బొంత కుడ్తవు, బొంత చినిగితే మసిగుడ్డ చేస్తవు. కొత్త స్టీలు గ్లాసు బజార్ల వెట్టి పోతే పోనియ్ అంటవా?”

“గొలుసు జానెడున్నది. ముసలోళ్లు గంత వంగి తాగుతరా?”

“సరే, గొలుసు వద్దు. గ్లాసు లోపల్నే పెడ్త. దూపైనోళ్లు గేటు కొట్టి నీళ్లడుగుతరు, ఇస్త. నేను ఇంట్లనే ఉంట గదా.”

“అడగనోళ్లు?”

“దూపైతే అడగకుంట ఎవలుంటరత్తమ్మా!”

ఆ మాటకు నా దగ్గర జవాబు ఉంది. అరవై ఏండ్లకు పైగా ఉంది. నోటి దాకా వచ్చి ఆగిపోయింది. కోడలు సుజాత నా ముఖం చూసి, అత్తకు కోపం వచ్చిందనుకొని, గొలుసును గేటు మీద వేసి లోపలికి పోయింది. అది కోపం కాదు, సిగ్గు. నా ముఖం మొదటి నుంచీ గంటుపెట్టుకున్న ముఖమే కనుక ఇంట్లోవాళ్లకు రెండింటికీ తేడా తెలియదు.

గేటు పక్కన కుండ దగ్గరే కూర్చున్నాను. నిన్న కుమ్మరి దగ్గర తెచ్చిన కుండ. ఇసుక పోసి దాని మీద నిలబెట్టి, చుట్టూ తడి గోనెపట్ట చుట్టి, పొద్దున్నే తొలిసారి నీళ్లు నింపాము. కొత్త కుండ మొదటి నీళ్లు పీల్చుకునేటప్పుడు ఒక వాసన వేస్తుంది. కాగిన నేల మీద నాలుగు చినుకులు పడి ఆగిపోతే వచ్చే వాసన. కొడుకు కొలువుకని వచ్చి చేరిన ఈ మహబూబ్‌నగర్‌లో మా వీధంతా ఇప్పుడు సిమెంటే, వాన పడ్డా ఆ వాసన రాదు. ఏడాదికొకసారి ఈ కుండ దగ్గరే వస్తుంది. వచ్చినప్పుడల్లా నేను పద్నాలుగేండ్ల పిల్లనై సాయవ్వ పందిరి కింద కూర్చుంటాను. నేను చదివింది మూడో తరగతి. మనవరాలు వదిలేసిన నోటుబుక్కులో వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి, తెల్ల కాగితం పారేయడం నాకు చేతకాదు. సుజాతకు నోటితో చెప్పలేనిది అందులో రాస్తున్నాను.

సాయవ్వ మా ఇంటి వెనక ఇంట్లో ఉండే ముసలామె. మాలాగే గొర్రెలు కాసే కుటుంబం. పొడుగు మనిషి, మోకాళ్లు పోయి కొంచెం వంగింది. చేతిలో ఎప్పుడూ ఉన్ని వడికే కదురు ఆడుతూ ఉండేది. పిల్లలు లేరు, మొగుడు ఎప్పుడో పోయాడు. మా ఊరు పాలమూరుకు, అంటే ఈ మహబూబ్‌నగర్‌కే, నడిచి పోతే ఒక పూట దారి. మా వైపు చెట్టు తక్కువ, బండ ఎక్కువ. ఎండాకాలం ఆ బండ పొద్దంతా కాగి, మాపటికి ఆ వేడిని తిరిగి మనుషుల మీదికే విడుస్తుంది. ఊరికి అర కోసు దూరంలో, రెండు బాటలు కలిసే చోట, సాయవ్వ ఏటా ఉగాది నాటికి తాటాకుల పందిరి వేసి, ఇసుకలో పెద్ద కుండ పాతి, మృగశిర కార్తెలో మిరుగు వాన పడేదాకా వచ్చేపోయేవాళ్లకు నీళ్లు పోసేది. ఆ బాటలో అటు కోసు, ఇటు కోసు నీడన్నదే లేదు. మోకాళ్లు మొరాయించిన ఏడు ఆమె మా అమ్మను అడిగింది, “నీ బిడ్డ బడికి పోతలేదు గదా, నీళ్లు మొయ్యనీకి పంపరాదూ” అని. మధ్యాహ్నం అంబలి అక్కడే పోస్తానంది. ఒక పూట తిండి మిగులుతుందని మా అమ్మ వెంటనే ఒప్పుకుంది. మా ఇంట్లో పొదుపు నాతో మొదలు కాలేదు.

మొదటి రోజే నాకు సాయవ్వ మీద కోపం వచ్చింది. బుట్టల మూట నెత్తిన పెట్టుకొని ఒకాయన ఎండలోంచి ఉరుకులాడుతూ వచ్చి “అవ్వా, నీళ్లు” అన్నాడు. నేను లేచాను. సాయవ్వ నా కొంగు పట్టి కూర్చోబెట్టింది.

“ముందు మూట దించు. నీడకు కూసో. కాళ్లు, ముఖం కడుక్కో. గప్పుడు తాగుదువు.”

“నీళ్లియ్యమంటే పూజ చెయ్యమంటవేందవ్వా!”

“పూజనే. ఉరికొచ్చి కడుపు నిండ సల్లటి నీళ్లు వోసుకొని గాడ బొర్ల పడ్డోళ్లను ఇద్దర్ని చూసిన. నువ్వు మూడోవానివి అయితనంటే లే, పోస్త.”

ఆయన గొణుగుతూ కూర్చున్నాడు. సాయవ్వ ముందుగా ఉప్పు వేసిన జొన్న అంబలి కొంచెం, నంజుకోను ఉల్లిగడ్డ ముక్క ఇచ్చింది. తరువాత కొద్దికొద్దిగా నీళ్లు పోసింది. పోయే ముందు ఇంకొకటి అడిగింది: “నొసలు తుడిచి అరచెయ్యి చూపు.” ఆయన చూపాడు, అరచెయ్యి తడిగా ఉంది. “పో ఇగ. రుమాలు తడిపి నెత్తికి చుట్టుకో.” అందరినీ అట్లానే అడిగేది. అరచెయ్యి పొడిగా ఉంటే మాత్రం కదలనిచ్చేది కాదు, పొద్దు వాలేదాకా కూర్చోబెట్టేది. “చెమట పోస్తున్నంత సేపు ఫికర్ లేదు పిల్లా. ఎండల చెమట ఆగిందంటే లోపల పొయ్యి అంటుకున్నట్టే” అనేది నాతో.

నీళ్లు పోయడానికి ఆమెకు ఒక ఖాయిదా ఉండేది. ఉన్నది ఒక్కటే ముంత, ఆమె మొగుడిది, ఇత్తడిది. దానితో పైనుంచి పోస్తే అందరూ దోసిలి పట్టి తాగాలి. ముంత ఎవరి మూతికీ తగలకూడదు, పోసే మనిషి తప్ప కుండను ఎవరూ ముట్టకూడదు. ఊరివాళ్లయినా, ఊరికి అవతల మాదిగవాడ వాళ్లయినా అంతే. ఆ రోజుల్లో తక్కిన చోట్ల అట్లా లేదు. ఊరివాళ్లకు ముంత చేతికిచ్చి, వాడవాళ్లకు వెదురు బొంగులోంచి దూరంగా పోసేవాళ్లు. ఒకసారి మా ఊరి పోలీసు పటేలు గుర్రం మీద వచ్చి, దిగకుండానే ముంతకు చెయ్యి చాపాడు.

“చేతికియ్యను పటేలా. దిగి దోసిలి పట్టుండ్రి.”

“నన్ను గూడ దోసిలి పట్టమంటవా?”

“గుర్రానికైతే తొట్టిల పోస్త. మనుషులకు దోసిలే.”

పటేలు గుర్రం దిగాడు. దోసిలి పట్టాడు. తాగి, మీసాలు తుడుచుకొని, “నీ నోటికి భయపడి ఎండ గూడ నీ పందిరి కిందికి వస్తలేదే ముసలీ” అని పోయాడు. నాకు నవ్వాగలేదు. సాయవ్వ నవ్వలేదు, కదురు తిప్పుకుంటూ “ఆయన నొసలు అడగడం మరిచిన” అంది.

ఇక నా సంగతి. ఆ కుండ నింపేది నేను. దిగుడుబావి రెండు చేన్ల అవతల. నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె. మిట్టమధ్యాహ్నం ఆ దారిలో ఇసుక అరికాళ్లను కాల్చేది. అందువల్ల ఎవరు తాగినా వాళ్లు తాగేది నా కాళ్లనే అన్నట్టు చూసేదాన్ని. సాయవ్వ కునుకు తీసినప్పుడు ధార సన్నగా పోసేదాన్ని. సన్నటి ధారతో చాలాసేపు తాగితే చాలా తాగినట్టు అనిపిస్తుంది, మనిషి తొందరగా లేస్తాడు. ఈ తెలివి నాకు ఎవరూ నేర్పలేదు. ఒకరోజు సాయవ్వ కండ్లు మూసుకొనే అంది:

“ధార చప్పుడు మారింది.”

“కుండల నీళ్లు తక్కువున్నయి సాయవ్వా. జర పొదుపుగ పోస్తున్న.”

ఆమె లేచి కూర్చుంది. అప్పుడే మొదటిసారి మొగుడి మాట నాతో చెప్పింది. ఆయన గొర్రెలు తోలుకొని గుట్ట వెనక్కి పోయాడట. మాపటికి మంద రాలేదు. పోయి చూస్తే గొర్రెలు గుంపు కట్టి నిలబడి ఉన్నాయట. మండే ఎండలో గొర్రెలు అంతే, ఒకదాని కడుపు కింది నీడలో ఇంకొకటి తల దూర్చి కదలకుండా నిలబడతాయి. ఆ గుంపు పక్కన ఆయన పడి ఉన్నాడు. భుజానికి నీళ్ల సొరకాయ బుర్ర. విప్పి చూస్తే సగం నీళ్లున్నాయి.

“మాపటికి ఉంటయని దాసుకున్నడు. పొదుపు జేసిండు. నీళ్లు మిగిలినయి, ఆయన మిగల్లే.” ఆ మాట అని సాయవ్వ ముంత నా చేతిలో పెట్టింది. “గింజలు పొదుపు జెయ్యి, బట్ట పొదుపు జెయ్యి, నేను వద్దన్న. నీళ్ల కాడ మాత్రం నీ చెయ్యి ముడుసుకోవద్దు అంజీ.”

తల ఊపాను. రెండు రోజులు ధార లావుగా పోశాను. మూడో రోజు నుంచి మళ్లీ నా లెక్క నాదే.

రోహిణి కార్తె మొదలు కావడానికి ఇంకా నాలుగు రోజులుందనగా, సాయవ్వ తమ్ముడి బిడ్డ నొప్పులు పడుతోందని పొద్దున్నే కబురు వచ్చింది. సాయవ్వ కట్టె పట్టుకొని ఊళ్లోకి బయలుదేరుతూ ఒక్క మాట చెప్పింది: “పొద్దు వాలేటాల్లకు వస్త. నువ్వు లేవకు. ముంత ఉన్నకాడ మనిషుండాలె.”

మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. ఎండకు బాట మీద మనిషి అన్నవాడు లేడు. కుండలో సగం నీళ్లున్నాయి. ఇత్తడి ముంత పోతే ఎట్లా అని దాన్ని కొంగులో చుట్టుకొని, కుండకు మూత వేసి, మేకలు తోసెయ్యకుండా మూత మీద బండరాయి పెట్టి, ఆ రోజు అంబలి లేదు కనుక బువ్వ తినడానికి ఇంటికి పోయాను. ఆనాటి నుంచి ఈనాటి దాకా, అడిగినవాళ్లకు నేను చెప్పింది ఇదే. ఇందులో అబద్ధం ఒక్కటే ఉంది. బాట మీద మనిషి లేడన్నది.

ఉంది. గుట్ట దిగి వస్తోంది. గుట్ట నుంచి పందిరి దాకా బాట తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉంటుంది. నెత్తిన తెల్ల మూట, బారలు వేసే నడక. ఆ నడకను బట్టే పోల్చుకున్నాను, మాదిగవాడ బుచ్చమ్మ. పొరుగూళ్లో బిడ్డను చూడపోయిన మనిషి తిరిగి వస్తోంది. బుచ్చమ్మ నీళ్లు తాగితే అయిదు ముంతలు తాగేది. తాగి, ఇంకొక ముంత అడిగి ముఖాన చల్లుకొని “హమ్మయ్య, పానం లేచొచ్చింది” అని నవ్వేది. సాయవ్వకు ఆ నవ్వు ఇష్టం. నేను కుండలోకి చూశాను. ఈమె వచ్చిపోతే అడుగు తేలుతుంది. సాయవ్వ వచ్చేలోగా ఆ ఇసుకలో రెండు మార్లు బావికి పోవాలి. నేను లేకపోతే ఈమె ఆగదు, ఊరు ఇంకా అర కోసే, ఇంటికి పోయి తాగుతుంది. ఇట్లా అనుకున్నాను. మూత వేశాను, రాయి పెట్టాను, ముంత చుట్టుకున్నాను. బాట మీద పోతే ఆమెకు కనబడతానని వాయిలి పొదల వెనకగా వంగి పోయాను. గ్లాసు ఎత్తుకపోయేవాళ్లను సుజాత దొంగలంటుంది. వాళ్లు గ్లాసే ఎత్తుకపోతారు, నీళ్లను ఉంచి పోతారు.

ఇంటికి పోయి తిన్నాను. చల్లటి మట్టి అర్రలో పడుకున్నాను. నిద్ర కూడా పట్టింది.

పొద్దు వాలుతుండగా లేచి పందిరికి పోయాను. అటు నుంచి సాయవ్వ కూడా కట్టె ఊతతో వస్తోంది, ఆడపిల్ల పుట్టిందని దూరం నుంచే చెప్పింది. పందిరి గుంజకు ఆనుకొని, కుండకు జానెడు దూరంలో బుచ్చమ్మ కూర్చొని ఉంది. తల పక్కకు వాలింది, చేతులు ఒళ్లో ఉన్నాయి. పందిరి నీడ అప్పటికి అవతలి పక్కకు తిరిగింది. ఎండంతా ఆమె మీదే ఉంది. నిద్రపోయిందనుకున్నాను.

“బుచ్చమ్మా! ఓ బుచ్చమ్మా!” సాయవ్వ పిలిచింది. పలకలేదు. “అంజీ, నొసలు చూడు!”

నేను ఆగాను. వాడ మనిషిని ముట్టడమంటే ఆగాను, అది కూడా రాయాలి. “నొసలు చూడుమన్ననా!” అని సాయవ్వ అరిచింది. బుచ్చమ్మ నొసలు తుడిచి నా అరచెయ్యి చూసుకున్నాను. పొడిగా ఉంది. కాగిన పెంకును ముట్టినట్టుంది.

సాయవ్వ కట్టె పారేసి, ఆ మోకాళ్లతోనే నేల మీద కూర్చొని, బుచ్చమ్మను నీడలోకి గుంజి తల తన ఒళ్లో పెట్టుకుంది. నేను కొంగులోంచి ముంత తీసి, ముంచి, ఆమె నోటికి పెట్టబోయాను. సాయవ్వ నా చేతిని కొట్టింది.

“సోయి లేని మనిషి నోట్ల నీళ్లు వొయ్యకు! ఊపిరికి అడ్డం పడ్తయి. ఒంటి మీద వొయ్యి. మెడ మీద, చంకలల్ల. కుండంత కుమ్మరియ్యి!”

నేను మిగిల్చిన సగం కుండ రెండు క్షణాల్లో ఇసుకలో కలిసింది. తరువాత బావికి ఉరికాను. ఎన్ని మార్లు ఉరికానో తెలియదు. ఇసుక కాలిందో లేదో కూడా తెలియదు. సాయవ్వ తన పైకొంగు తడిపి ఆమె మీద కప్పింది, తాటాకుతో విసురుతూనే ఉంది. ఎంతసేపటికో బుచ్చమ్మ కండ్లు కొంచెం తెరిచింది. పైన సాయవ్వ ముఖం, పక్కన మూత తీసి ఖాళీగా ఉన్న కుండ కనిపించాయి. లేవబోయింది. నాలుక మెలిపడుతూ వచ్చిన మొదటి మాట ఇది:

“ముట్టలే... సాయవ్వా, కుండ ముట్టలే. ఒట్టు.”

సాయవ్వ చేతిలో తాటాకు ఆగిపోయింది. అంతకు ముందటేడు వాడ మనిషి ఒకడు ఊరబావి చేద ముట్టాడని కచ్చేరి ముందు పొద్దంతా ఎండలో నిలబెట్టారు. అది బుచ్చమ్మ చూసింది, నేనూ చూశాను. దూపతో వచ్చిన మనిషి, నిండు నీడలో, నీళ్ల కుండ పక్కన, పోసేవాళ్లు వస్తారని చూసుకుంటూ కూర్చుంది. నీడ జరిగిపోతే లేచి జరిగే శక్తి అప్పటికే పోయింది. నేను ముంత అక్కడ ఉంచి పోయినా ఆమె ముట్టేది కాదేమో, నాకు తెలియదు. కానీ నేను ముంత ఉంచలేదు.

మా బాపు ఎడ్లబండి కట్టాడు. అడిగింది సాయవ్వ కనుక కట్టాడు. బుచ్చమ్మను పాలమూరు దవాఖానకు తీసుకపోయారు. ప్రాణం దక్కింది. పది పన్నెండు రోజులకు తిరిగి వచ్చింది గానీ ఆ బారల నడక రాలేదు. నిలబడితే తూలేది, మాట ముద్దగా వచ్చేది. కూలికి పోవడం ఆమెకు మళ్లీ కుదరలేదు.

మర్నాడు పొద్దున్నే నేను పందిరికి పోయేసరికి సాయవ్వ కదురు తిప్పుతూ కూర్చొని ఉంది. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

“అంజీ, నిన్న బుచ్చమ్మ వచ్చేది నీకు కానరాలే?”

“కానరాలే సాయవ్వా. బాట మీద ఎవలు లేరు.”

ఆమె గుట్ట వైపు చూసింది. సరిగ్గా అప్పుడే ఒక బండి గుట్ట దిగింది. చీమంత ఉన్నది ఎద్దులైంది, బండైంది, మనిషైంది. ఆ బండి మా ముందుకు వచ్చేదాకా మేమిద్దరం దాన్నే చూశాము. ఆ కాసేపట్లో ఆమె కదురు మీద బారెడు దారం తయారైంది. బండి పోయాక ఆమె నా వైపు తిరగకుండానే చెప్పింది:

“తప్పు నీ ఒక్కదానిది గాదు. కుండ ముట్టొద్దన్న ఖాయిదా నాది. అందరికి దోసిలే అంటే అందరు ఒక్కటే అనుకున్న. పోసేటోళ్లు లేచిపోతే దూపైనోళ్లు ఏంగావాలె? గది ఆలోచన చెయ్యలే.”

అని లేచి, కుండ మీది రాయి తీసి చేలోకి విసిరేసింది. ముంతను మూత మీద బోర్లించింది. “ఇగ ఎవలొస్తే వాళ్లు ముంచుకోవాలె.”

ఊళ్లో పెద్ద గొడవైంది. వాడవాళ్లు ముంచుకుంటున్నారని తెలిసి మా వాళ్లు ఆ కుండ దగ్గర ఆగడం మానేశారు. మా అమ్మ “గా కుండ ముట్టొచ్చి నా పొయ్యి కాడికి రావద్దు” అంది. మిరుగు వాన పడేదాకా నాకు వాకిట్లోనే తిండి పెట్టింది. అయినా రోజూ పోయి నీళ్లు మోశాను. ఇది చదివి అంజమ్మ ధైర్యవంతురాలని ఎవరూ అనుకోవద్దు. పోకపోతే ఎందుకు పోలేదో సాయవ్వకు చెప్పాల్సి వస్తుందని పోయాను. పటేలు గుర్రం మీద వచ్చి, కుండను చూసి, “ఎవలెవలు ముట్టిన్రో ఏమో” అన్నాడు. “దూపైనోళ్లు ముట్టిన్రు పటేలా” అంది సాయవ్వ. ఆయన తాగకుండా పోయాడు. రోహిణి కార్తె నాలుగో రోజు మళ్లీ వచ్చాడు. గుర్రం దిగి, బాటకు అటూ ఇటూ చూసి, తనే ముంచుకొని మూడు ముంతలు తాగాడు. “నొసలు చూపుండ్రి” అంది సాయవ్వ. చూపి పోయాడు. ఆ తరువాత ఒక్కొక్కరే ఆగడం మొదలుపెట్టారు.

పెండ్లై నేను నల్లగొండ దిక్కు, పానగల్ దగ్గరి ఊరికి పోయాను. నా రెండో కాన్పు నాటికి సాయవ్వ పోయింది. చివరిసారి చూసినప్పుడు కూడా ఆమె నన్ను మళ్లీ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆమెకు తెలుసు. తెలిసీ ఆ కుండ నింపే పని నా చేతిలోనే ఉంచింది. అది నన్ను నమ్మడమో, నాకు శిక్షో ఇప్పటికీ తేల్చుకోలేదు.

బుచ్చమ్మను మాత్రం పుట్టింటికి పోయినప్పుడల్లా చూసేదాన్ని. గుడిసె ముందు బండ మీద కూర్చొని ఉండేది. నేను తల దించుకొని పోబోతే తనే పిలిచేది. ఒక ఎండాకాలం నా చంకలో బిడ్డను చూసి, ఆ ముద్దమాటతోనే, “పసిదాన్ని ఎండల తిప్పకు బిడ్డా, నెత్తికి తడిబట్ట ఎయ్యి” అంది. తరువాత కొంచెం ఆగి, “ఆ దినం నువ్వు బువ్వకు పోయినవంట గదా. నేనే జర జల్ది నడవాల్సుండె. జర ముందుగాల వస్తే నువ్వుందువు” అంది.

నేను “అవును” అన్నాను.

ఆమె కూడా పోయి చాలా ఏండ్లైంది. ఆ “అవును”ను వెనక్కి తీసుకోవడానికి ఇప్పుడు మనిషి లేదు. సాయవ్వ నేర్పిన తక్కినవన్నీ నా చేతుల్లో ఉన్నాయి. ఎండలోంచి వచ్చినవాళ్లను నీడకు కూర్చోబెట్టనిదే నీళ్లివ్వను. ఇల్లు కట్టే కూలీలైనా, కరెంటు బిల్లు ఇచ్చే పిల్లైనా, నా మనవలైనా సరే, నొసలు తుడిచి అరచెయ్యి చూపందే కదలనివ్వను. ముసలిదానికి చాదస్తమని నవ్వుతారు, నవ్వనీ. కందిపప్పు గింజ కింద పడితే నేను ఇప్పటికీ వంగి ఏరుతాను. నీళ్లకుండ దగ్గర మాత్రం, బాట చివర తెల్ల మూట ఏదైనా కదిలిందంటే, కూర్చున్న చోటి నుంచి లేవలేను. సుజాతా, దూపైనా అడగనివాళ్లుంటారు. ఒకామెను నేను చూశాను, చూసి వాయిలి పొదల వెనక్కి పోయాను. పొద్దున నేను నీకు చెప్పాల్సిన జవాబు అది.

ఇంతవరకు రాసి నోటుబుక్కును పప్పు డబ్బా పక్కన, కోడలి కంటికి కనబడేట్టు పెట్టి, గ్లాసును కుండ మూత మీద బోర్లించి పడుకున్నాను.

తెల్లారి గేటు దగ్గరికి పోయాను. గ్లాసు లేదు. మూత పక్కకు జరిగి ఉంది. కుండలో నీళ్లు సగానికి దిగి ఉన్నాయి. లోపలికి పోతే నోటుబుక్కు చివరి పేజీ దగ్గర తెరిచి ఉంది; నేను చాయ తాగే గ్లాసు కడిగి తెచ్చి మూత మీద పెట్టాను. సుజాత బిందెతో నీళ్లు తెచ్చి కుండ నింపింది. గొలుసు గేటు మీద లేదు.